మూడు ఊపిర్ల సేపు

పంచదార డబ్బా ఉండవలసిన చోట ఉప్పు డబ్బా ఉంది. నేను చూడలేదు. పొద్దున్న ఐదున్నరకి స్టవ్ ముందు నిలబడ్డ మనిషి డబ్బాల వంక చూడదు. చెయ్యి వెళ్తుంది, మూత తీస్తుంది, రెండు చెంచాలు వేస్తుంది. టీ మొదటి గుక్క మా అత్తగారు యర్రమ్మ తాగారు.

“ఓలమ్మో! ఇదేటే కోడలా, సముద్రం నీళ్ళు మరగబెట్టి ఇచ్చినావేటి?” అని గ్లాసు గడప మీద పెట్టేశారు.

డబ్బా తీసి చూశాను. ఉప్పే. పంచదార పక్కదాన్లో ఉంది. రెండూ ఒకే కొలత స్టీలు డబ్బాలు. నేను ఈ ఇంటికి వచ్చిన ఏడాది వాటి చోట్లు నిర్ణయించాను. ఇరవై ఏళ్ళలో మారలేదు.

“నేనే మార్చాను,” అన్నారు మా ఆయన గోపినాథ్. డ్యూటీ చొక్కాకి బొత్తాలు పెట్టుకుంటున్నారు, కావాలనే ఎడమచేత్తో. అందుకని ఒక్కో బొత్తానికీ నిమిషం పడుతోంది.

“ఎందుకు మార్చారు?”

“నీ చెయ్యి ఎక్కడికి వెళ్తోందో నీకు తెలీడం లేదు కళ్యాణీ. అది నిద్ర. వస్తువు చోటు మారిస్తే మనిషి ఉలిక్కిపడి లేస్తాడు. రాజుగారు చెప్పేది అదే.”

“నిద్రపోతున్న చెయ్యి ఇరవై ఏళ్ళు మంచి టీ ఇచ్చింది. మీరు లేపిన రోజున ఉప్పు వేసింది.”

“ఉప్పు వేసింది కూడా నిద్రపోతున్న చెయ్యే. మెలకువగా ఉంటే చూసుకునేది కదా.”

“నానమ్మా, యే బాత్ తో సహీ హై,” అంది మా అమ్మాయి లహరి, పన్నెండో తరగతి పుస్తకాల సంచి భుజాన వేసుకుంటూ. “పప్పా పాయింట్ పట్టారు.”

“ఆ పాయింటు నువ్వు తాగు,” అని అత్తగారు గ్లాసు దాని వైపు తోశారు.

వాళ్ళు ముగ్గురూ నవ్వారు. నేను డబ్బాలు వాటి చోట్లలో పెట్టేశాను. ఆయన మళ్ళీ చెయ్యి చాపారు. “నా వంటింట్లో మీ మెట్లు ఎక్కకండి,” అన్నాను, కాస్త గట్టిగానే. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. కొత్తగా పెట్టిన టీ తాగకుండానే గోల్ ఘర్ బస్టాపు వైపు వెళ్ళిపోయారు.

అది మంగళవారం.

రాజుగారంటే పోలిరాజుగారు. లైట్‌హౌస్‌లలో పనిచేసి రిటైరైన మనిషి. డెబ్బై దాటాయి. పోర్ట్ బ్లెయిర్ ఊళ్ళోనే లంబాలైన్ పేటలో, ఎయిర్‌పోర్టు గోడకి రెండు సందుల ఇవతల, రేకుల వరండా ఉన్న చిన్న ఇంట్లో ఒక్కరే ఉంటారు. కాషాయం లేదు, గడ్డం లేదు. బనీను, ఖాకీ నిక్కరు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోరు. బుధవారం సాయంత్రం, ఆదివారం పొద్దున్న ఓ తొమ్మిది మంది ఆ వరండాలో కూర్చుంటారు. ఒక నర్సమ్మ, ఇద్దరు స్కూలు టీచర్లు, బ్యాంకులో పనిచేసే ఒక బెంగాలీ అబ్బాయి, మా ఆయన.

ఆయన చెప్పేది ఇది. మనిషి లోపల లైట్‌హౌస్ లాంటి కట్టడం ఉంది, ఏడు అంతస్తులు. అడుగున గోదాము. ఆకలి, భయం, అలవాటు అక్కడుంటాయి. దీపం పైన ఉంది. పుట్టిన ప్రతివాడికీ దీపం ఉంది కానీ నూటికి తొంభై తొమ్మిది మంది గోదాములోనే పుట్టి గోదాములోనే పోతారు, పైన ఏదో ఉందని కూడా తెలీకుండా. వాళ్ళు నడుస్తారు, మాట్లాడతారు, పెళ్ళిళ్ళు చేస్తారు, అన్నీ నిద్రలోనే. చేప నీళ్ళు వదిలి నేల మీదికి వచ్చినట్టు మనిషి ఈ నిద్ర వదిలి ఇంకో జాతిగా మారాలి. ఒక్కడు ఒక్క మెట్టు ఎక్కితే, ఆ మెట్టు పుట్టబోయేవాళ్ళకి కూడా మిగులుతుంది.

మెట్టు ఎక్కడానికి ఆయన ఇచ్చిన సాధన విమానం. వరండాలో కూర్చుంటే పది మాటలకి ఒకసారి విమానం లేస్తుంది. ఆ హోరులో మాట వినపడదు. మొదట్లో ఆయనకి విసుగొచ్చేదట, తర్వాత దాన్నే గంటగా చేసుకున్నారు. విమానం లేచిన శబ్దం వినగానే చేస్తున్న పని ఎక్కడిదక్కడ ఆపాలి. మూడు ఊపిర్లు. ఆ మూడు ఊపిర్ల సేపు ‘ఇక్కడ ఎవరున్నారు?’ అని లోపలికి చూసుకోవాలి. తర్వాత పని సాగించాలి. పోర్ట్ బ్లెయిర్‌లో ఎక్కడున్నా విమానం వినపడుతుంది కాబట్టి సాధనకి వరండాయే అక్కర్లేదు.

ఏడాదిన్నరగా మా ఇంట్లో విమానం లేచినప్పుడల్లా మా ఆయన ఆగిపోతున్నారు. నోటి దగ్గర ముద్దతో, సగం వేసుకున్న చొక్కాతో. ఒకసారి గోడకి మేకు కొడుతూ సుత్తి పైకెత్తి ఆగారు. “స్టాచ్యూ!” అని లహరి పకపకా నవ్వింది.

నేను మాత్రం రాజుగారిని తేలిగ్గా తీసుకోలేదు. దానికి కారణం ఉంది. మా ఆయనకి ముందు కోపం ఎక్కువ. కంచం విసిరేసే కోపం. లహరి చిన్నప్పుడు ఆయన అడుగుల శబ్దం విని పుస్తకం ముందు పెట్టుకు కూర్చునేది. ఆ కోపం పోయింది. కళ్ళ ముందే, నాలుగైదు నెలల్లో పోయింది. చెయ్యి ఎత్తబోయి ఆగి, దించేసిన రోజు నాకు గుర్తుంది. ఆ రోజు ఏ విమానమూ లేవలేదు. అందుకే ఎడమచేతి బొత్తాలూ, మారిన డబ్బాలూ భరిస్తూ వచ్చాను.

ఆయన ఉద్యోగం హార్బర్‌లో ఫెర్రీ నడపడం. ఇక్కడ ఆ పని చేసేవాణ్ణి సారెంగ్ అంటారు. ఈ జెట్టీ నుంచి ఆ జెట్టీకి, మళ్ళీ ఇటు. స్కూలు పిల్లలు, కూరగాయల గంపలు, స్కూటర్లు. ఇరవై రెండేళ్ళుగా ఒకే నీటి మీద తిరుగుతున్నారు. ముందు భాగంలో తాడు పట్టుకుని నిలబడే లాస్కర్ అసిరయ్య. పదకొండేళ్ళుగా ఆయనతోనే ఉన్నాడు. ఇంకా రోజుకూలీ మజ్దూరే. పర్మనెంట్ చేసే లిస్టులో ఈ ఏడాది పేరొచ్చింది. ఆ రోజు అతని భార్య చిట్టితల్లి మా ఇంటికి లడ్డూలు తెచ్చింది.

మంగళవారం మధ్యాహ్నం మూడింటికి మా ఆయన ఇంటికొచ్చారు. ఆరింటికి రావలసిన మనిషి. మూడు రోజులకోసారి వచ్చే మునిసిపాలిటీ నీళ్ళు అప్పుడే వదిలారు, నేను డ్రమ్ములు పడుతున్నాను. ఆయన నా చేతిలోంచి పైపు తీసుకుని డ్రమ్ములో పెట్టారు. నీటి వంకే చూస్తూ చెప్పారు.

“బోటు జెట్టీకి కొట్టింది. అసిరయ్య చెయ్యి మధ్యలో పడింది. రెండు వేళ్ళు పోయాయి.”

“ఎలా?”

“జెట్టీ ముప్పై అడుగులుందనగా రివర్స్ వెయ్యాలి. లివర్ మీద చెయ్యి పెట్టాను. విమానం లేచింది.”

“బోటు మీద కూడా ఆగుతున్నారా?”

“లేదు. డ్యూటీలో ఆగకూడదని నాకు నేనే పెట్టుకున్నాను. నేను ఆగాలనుకోలేదు కళ్యాణీ. చెయ్యే ఆగిపోయింది. లోపలికి చూసుకున్నదీ లేదు, ఏమీ లేదు. మూడు ఊపిర్లయ్యాక చూస్తే జెట్టీ ఎదురుగా ఉంది.”

డ్రమ్ము నిండి నీళ్ళు మా కాళ్ళ మీదికి వస్తున్నాయి. ఇద్దరం కదల్లేదు.

“ఎవరికి తెలుసు?” అన్నాను.

“ఎవరికీ తెలీదు.”

“ఎవరికీ చెప్పకండి.”

ఆ మాట నాదే. ఆలోచించి అన్నది కాదు. లహరి చదువు, అత్తగారి మందులు, ఈ ఇల్లు అన్నీ ఒక్కసారి ఆ మాటలోకి వచ్చేశాయి. ఆయన తలూపారు.

బోటు రిజిస్టర్‌లో ఆయన అప్పటికే రాసేశారు. ఏం రాశారని అడిగితే చెప్పారు. “జెట్టీ దగ్గర ప్రవాహం ఎక్కువగా ఉంది. తాడు వేయడం ఆలస్యమైంది. లాస్కర్ అసిరయ్యకి గాయం.” కింద సంతకం. ఆ రోజు ప్రవాహం ఎక్కువే. తాడు ఆలస్యమైన మాటా నిజమే. అసిరయ్యకి గాయమూ అయింది. ఒక్క అబద్ధం కూడా లేని ఆ మూడు వాక్యాలూ చదివిన ఎవరైనా తప్పు తాడు పట్టుకున్నవాడిదే అనుకుంటారు.

ఆఫీసు విచారణ సోమవారం పెట్టారు. అది తేలేదాకా ఆయన్ని బోటు వీల్ పట్టుకోవద్దన్నారు.

బుధవారం సాయంత్రం ఆయన లంబాలైన్ వెళ్ళి వచ్చారు. ముఖం తేటగా ఉంది. అదే నాకు నచ్చలేదు.

“రాజుగారికి చెప్పారా?”

“చెప్పాను.”

“ఏమన్నారు?”

“ఒక మనిషిలో ఒక్కడే ఉండడు అన్నారు. మంగళవారం వీల్ పట్టుకున్నవాడు వేరు, వరండాలో కూర్చున్నవాడు వేరు. నిద్రలో ఉన్నవాడు చేసిన పనికి లేచినవాడు ఏడుస్తూ కూర్చుంటే మళ్ళీ గోదాములోకే దిగుతాడట.”

“ఏటి, బోటు గోదాములోకా?” అని అత్తగారు మంచం మీంచి అడిగారు. ఆవిడకి ప్రమాదం సంగతి తెలుసు. విమానం సంగతి తెలీదు.

శుక్రవారం నేను అసిరయ్యని చూడడానికి వెళ్ళాను. ఆస్పత్రి నుంచి ఇంటికి పంపేశారు. కొండవాలు మీద మెట్లెక్కి వెళ్ళాలి. క్యారియర్‌లో పప్పుచారు, వేపుడు తీసుకెళ్ళాను. చిట్టితల్లి ఎదురొచ్చి, “దీదీ, బైఠో, బైఠో,” అంటూ కుర్చీ తుడిచింది. అసిరయ్య చాప మీద గోడకి ఆనుకుని ఉన్నాడు. కుడిచేతి కట్టుకి ఉండవలసిన వెడల్పు లేదు.

“వొదినా, భయ్యా ఎలగున్నాడు?” అన్నాడు ముందే. నేను అడగవలసిన ప్రశ్న.

“బాగానే ఉన్నారు. నొప్పి ఎలా ఉంది?”

“నొప్పిదేటుంది. ఆ వేళ్ళు ఉన్నట్టే గుంజుతున్నాయి. లేనివాటికి నొప్పేటో.” నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించాడు. “తప్పు నాదే వొదినా. నాను జెట్టీని సూడను. పదకొండేళ్ళ కాడ్నించి ఎప్పుడూ సూణ్ణేదు. ఇంజన్ గొంతు ఇంటాను. భయ్యా రివర్స్ ఎయ్యగానే ఇంజన్ గొంతు మారతాది. మారగానే నా చెయ్యి లేస్తాది, తాడు ఇసురుతాది. భయ్యా చెయ్యి గడియారం, తప్పదు. ఆ రోజు గొంతు మారినేదు. ఇంకా దూరముందనుకున్నాను. కళ్ళెత్తేసరికి జెట్టీకి కట్టిన టైర్లు ఎదురొచ్చేసినాయి. సెయ్యి అడ్డెట్టేసినాను, పాగల్ లాగ.”

“రెండు వందల మంది ఎక్కే బోటుకి ఈయన సెయ్యి అడ్డెట్టినాడు దీదీ,” అంది చిట్టితల్లి. తిట్టబోయి, అతని కట్టు సర్దింది.

“ఇంజన్ గొంతు ఎందుకు మారలేదో అడగలేదా నువ్వు?”

“మారే ఉంటాది. నానే ఇనుండను. ఆస్పత్రిలో పడుకుని అదే ఆలోచిస్తన్నాను. చెవులేమైనా పోతన్నాయేమో.” కట్టు ఉన్న చేతిని ఒళ్ళో పెట్టుకున్నాడు. “సోమవారం ఆఫీసుకి పిలిచినారు. నా తప్పే అని సెప్పేస్తాను. లిస్టులోంచి తీసేస్తే తీసేస్తారు. వొదినా, ఒక మాట భయ్యాకి సెప్పండి. ఇరవై రెండేళ్ళలో ఆయన బోటుకి గీత పడినేదు. నావల్ల మాట పడింది. మాఫ్ చెయ్యమన్నానని సెప్పండి.”

క్యారియర్ ఖాళీ చేసి కడిగి ఇచ్చింది చిట్టితల్లి. మెట్లు దిగుతుంటే నా కాళ్ళు ఒక్కో మెట్టునీ వెతుక్కున్నాయి.

ఆ సాయంత్రం ఆయనకి చెప్పలేదు. చెప్పే ముందు నాకు తేల్చుకోవలసింది ఉంది. శనివారం మధ్యాహ్నం లంబాలైన్‌కి ఆటో ఎక్కాను.

రాజుగారు వరండాలో ఒక్కరే ఉన్నారు. నన్ను ఒకట్రెండు సార్లే చూశారు, అయినా గుర్తుపట్టారు. పంచదార లేని నల్ల టీ పోస్తుండగా విమానం లేచింది. ఆయన ఆగారు. కెటిల్ చేతిలో ఉంది, ధార సగంలో ఆపారు, ఒక్క చుక్క బయట పడలేదు. ఆ మూడు ఊపిర్లలో ఆయన ముఖం చూశాను. ఆ కళ్ళలో ఎవరో ఉన్నారు. నన్ను, గ్లాసుని, గోడ మీది బల్లిని కూడా చూస్తున్నారు. అలాంటి ముఖాన్ని నేను పసిపిల్లల్లో తప్ప చూడలేదు. విమానం దూరమయ్యాక టీ పోయడం పూర్తి చేశారు.

“మా ఆయనకి అలా ఉండదండీ,” అన్నాను. “చేతులు ఆగుతాయి. కళ్ళు ఎక్కడో ఉంటాయి.”

“అవునమ్మా. గోపీకి ఆగడం కూడా అలవాటైపోయింది. నేను గమనించాను. ఆర్నెల్లయింది.”

“మరి చెప్పలేదేం?”

“చెబితే నా మాట అవుతుంది. తను చూసుకుంటేనే మెట్టు అవుతుంది. ఎవరి మెట్టు వాళ్ళే ఎక్కాలి.”

“ఆయన చూసుకునేలోపు బోటులో ఎంతోమంది ఉంటారు కదండీ.”

ఆయన కెటిల్ మూత సర్దారు. నేను టీ తాగాను. చేదుగా ఉంది, కానీ బాగా మరిగిన టీ.

“సోమవారం విచారణ ఉంది. అసిరయ్య తప్పు తనదని చెప్పబోతున్నాడు. మా ఆయన నోరు విప్పాలా, వద్దా? మీరే చెప్పండి.”

“నేను చెప్పేది కాదమ్మా అది. ఒకటి మాత్రం చూడు. ఒప్పుకోవడంలో రెండు బరువులుంటాయి. తప్పు చేశానన్న ఏడుపు ఒకటి, ఒప్పుకున్నానన్న గొప్ప ఇంకోటి. రెండూ కిందికే లాగుతాయి. ఆ రోజు వీల్ పట్టుకున్న మనిషి నిద్రలో ఉన్నాడు. అతను ఇప్పుడు లేడు. లేనివాడి తరఫున ఇతను వెళ్ళి ఏం మాట్లాడతాడు?”

“లేనివాడి సంతకం రిజిస్టర్‌లో ఉందండీ.”

ఆయన నా వంక చూశారు. కోపం లేదు. నిజంగా ఆలోచిస్తున్నారు.

“మీరు లైట్‌హౌస్‌లో ఎన్నేళ్ళు ఉన్నారు?” అని అడిగాను.

“అన్నీ కలిపి ముప్పై. చివరి దీవిలో పద్దెనిమిది. అక్కడ మొదట్లో ముగ్గురం. తర్వాత తర్వాత నేనొక్కణ్ణే. ఇదంతా నాకు అక్కడే తెలిసింది. రాత్రంతా దీపం, పగలంతా నేను.”

“బోటు వచ్చేదా?”

“సామాన్ల బోటు. మూణ్ణెల్లకోసారి. సముద్రం బాగాలేకపోతే ఆగకుండా వెళ్ళిపోయేది. చెయ్యి ఊపేవాణ్ణి.” చిన్నగా నవ్వారు. “వాళ్ళూ ఊపేవారు.”

ఆ మాట విన్నాక ఆయన మీద నాకు కోపం పోయింది. ఆయన అబద్ధం చెప్పడం లేదు. మూడు ఊపిర్లు కాదు, మూడు గంటలు ఆగినా ఎవరికీ ఏమీ కాని చోట ఆయన ఇదంతా కనుక్కున్నారు. ఆయన ఆగితే వేళ్ళు పోయేవాళ్ళు ఆ దీవిలో ఎవరూ లేరు.

ఆటోలో తిరిగి వస్తుంటే ఇంకో సంగతి తట్టింది. అది అంత సుఖంగా లేదు. మంగళవారం నేనన్నదీ, బుధవారం రాజుగారన్నదీ ఒకటే మాట. నేను భయంతో అన్నాను, ఆయన తెలివితో అన్నారు. అసిరయ్య వైపు నుంచి చూస్తే తేడా ఏముంది?

ఇంటికి రాగానే మా ఆయన్ని పెరట్లోకి పిలిచాను. “ఎవరికీ చెప్పకండి అన్నాను కదా, అది తప్పు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను,” అన్నాను. తర్వాత అసిరయ్య పంపిన కబురు ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. ఇంజన్ గొంతు, చెవులు పోతున్నాయేమోనన్న అనుమానం, మాఫీ. ఆయన తీగ మీద ఆరిన తువ్వాలు తీసి మడతపెట్టారు. మళ్ళీ విప్పి మళ్ళీ మడతపెట్టారు.

“నా చేతిని విని విసురుతాడా తాడు?” అన్నారు చివరికి. “పదకొండేళ్ళు నాతో చెప్పనే లేదు.”

“మీరు అడిగారా?”

ఆయన తువ్వాలు మూడోసారి మడతపెట్టారు.

ఆదివారం పొద్దున్న ఆయన ఆరింటికే బయల్దేరారు. లంబాలైన్‌కే అనుకున్నాను. ఆపడానికి నా దగ్గర మాటలు అయిపోయాయి. సుర్మై చేప తెప్పించి పులుసు పెట్టాను. చింతపండు రెండుసార్లు నానబెట్టాను, మొదటిసారి పెట్టినది మర్చిపోయి. ఒంటిగంటకి ఆయన వచ్చేసరికి చొక్కా ఉప్పుగాలికి అతుక్కుని ఉంది. వరండాలో కూర్చుని వచ్చిన మనిషిలా లేరు.

ఆదివారం మేం నలుగురం కలిసే తింటాం. అత్తగారు స్టూలు మీద, మిగతా ముగ్గురం కింద. నేను వడ్డించి కూర్చోబోతుంటే లహరి అడిగింది. “పప్పా, ఆజ్ క్లాస్ మే క్యా సిఖాయా రాజు అంకుల్ నే?”

“క్లాసుకి వెళ్ళలేదమ్మా. ఫెర్రీ ఎక్కాను. టికెట్ కొనుక్కుని, ప్యాసింజర్ల బెంచీ మీద కూర్చున్నాను. ఎనిమిదిసార్లు అటూ ఇటూ తిరిగాను.”

“ఏటికిరా? ఇరవై రెండేళ్ళు తిరిగింది సాలదా?” అన్నారు అత్తగారు.

“బెంచీ మీద ఎప్పుడూ కూర్చోలేదమ్మా.” ఆయన అన్నంలో వేళ్ళు పెట్టారు కానీ కలపలేదు. “ఇంజన్ గొంతు మారగానే ఏం జరుగుతుందో తెలుసా? తాడువాడొక్కడే కాదు. అందరూ లేస్తారు. గంపలవాళ్ళు గంపలెత్తుకుంటారు. తల్లులు పిల్లల రెక్క పట్టుకుంటారు. ఒక ముసలాయన కళ్ళు మూసుకుని కునుకు తీస్తున్నాడు, ఆ గొంతు మారగానే కర్ర కింద ఆనించాడు. ఒక్కరూ జెట్టీ వంక చూడరు. అందరూ ఆ చేతినే వింటున్నారు. ఇన్నేళ్ళూ అది నా చెయ్యి.”

 ఆయన కంచం మీంచి తలెత్తారు.

“రేపు ఆఫీసులో చెప్తాను. తాడు ఆలస్యమైంది రివర్స్ వెయ్యకపోవడం వల్లే. వెయ్యనిది నేను.”

“ఎందుకెయ్యలేదురా?” అన్నారు అత్తగారు.

విమానం సంగతి అప్పుడు చెప్పారు. ఆవిడ నోరు తెరుచుకుని విన్నారు. తర్వాత చేతిలో ముద్ద కంచంలో వదిలేశారు. “ఓరి నాయనా. ఆ అసిరడు నోరెత్తినేదు గదా. వోడి తప్పేనని వోడే అంటన్నాడు గదా. నీకెందుకురా? ఈ ఇంట్లో ఆడపిల్లుంది.”

“వాడు నోరెత్తలేదనే అమ్మా.”

“పప్పా, వీల్ తీసేసుకుంటే?” లహరి గొంతులో హిందీ లేదు, వెటకారం లేదు.

“తీసుకోవాలి. ఈ చేతుల్ని నేనే నమ్మడం లేదు ఇప్పుడు. హార్బర్ గోదాములో పనికి పడేస్తారో, ఇంటికే పంపిస్తారో తెలీదు. నీ చదువు ఆగదు. అది నేను చూసుకుంటాను, ఎలాగో నన్నడక్కు.”

“రాజుగారి దగ్గరికి ఇంక వెళ్తారా?” అన్నాను.

“తెలీదు కళ్యాణీ. ఆయన చెప్పింది నాకు ఇప్పటికీ నిజమే అనిపిస్తోంది. నేను నిద్రలోనే ఉన్నాను. కానీ లేచినవాడికి మంగళవారంతో సంబంధం లేదంటే, ఆ లేవడం నాకెందుకో తెలీడం లేదు. ఇంకా తేలలేదు.”

“రేపు ఆఫీసులో ఆ మెట్లూ అంతస్తులూ చెప్పకండి. విమానం శబ్దానికి ఆగడం అలవాటు చేసుకున్నాను, ఆ అలవాటుకి చెయ్యి ఆగిపోయింది, అసిరయ్య తప్పు లేదు. ఇంతే. రిజిస్టర్‌లో రాసిన మూడు వాక్యాలూ కొట్టేసి ఇది రాసి, మళ్ళీ సంతకం పెట్టండి.”

“ఇంతే,” అని తలూపారు. నేను చెప్పిన ఆ మూడు మాటలూ మనసులో ఒకసారి అనుకున్నారు, పెదవులు కదిలాయి. “ఆఫీసు రేపు. అసిరయ్యకి మాత్రం ఇవాళే చెప్పాలి. వాడు సోమవారం అందరి ముందూ మొదటిసారి నా నోట వినకూడదు. అన్నం తినగానే వెళ్తాను. ఏమంటాడో తెలీదు. చిట్టితల్లి ఏమంటుందో అసలే తెలీదు. ఒక్కణ్ణే వెళ్తాను.”

“ఒక్కరూ వెళ్ళరు,” అన్నాను, నా కంచంలో అన్నం పెట్టుకుంటూ. “మంగళవారం మిమ్మల్ని నోరు మూసుకోమన్నది నేను. అది కూడా వాళ్ళకి తెలియాలి. నేనూ వస్తున్నాను.”